'అవకాశముండదు'లో బూతు ఎక్కడుంది? ఆన్‌లైన్ గ్రూపుల్లో పదాల బ్యాన్ గురించి కొంచెం లోతుగా

"ఈ ఫోన్‌లో మెమరీ కార్డ్ వేసుకునే అవకాశముండదు." రివ్యూల్లో మీరు వందసార్లు చదివిన వాక్యమే. ఇందులో బూతు ఎక్కడుందో చెప్పండి చూద్దాం.

దొరకలేదు కదా. కంప్యూటర్‌కి మాత్రం వెంటనే దొరుకుతుంది. 'అవకాశము', 'ఉండదు' సంధితో కలిసిపోయేసరికి మధ్యలో మ, కొమ్ము, సున్నా, డ వరసగా వచ్చి కూర్చున్నాయి. మీ గ్రూప్ బ్లాక్ లిస్టులో ఎవరైనా 'ముండ' అనే పదం పెట్టి, "ఈ అక్షరాలు ఎక్కడ కనిపించినా మెసేజ్ లేపేయ్" అని బాట్‌కి చెప్పారనుకోండి, మెమరీ కార్డ్ గురించి అడిగిన పాపానికి మీ మెసేజ్ మాయమవుతుంది. నమ్మకముండాలి, సమయముండదు, సుఖముండదు... అన్నిటిదీ అదే గతి. డౌట్ ఉంటే పైథాన్‌లో ఒక్క లైన్ రాసి చూసుకోండి, ట్రూ అనే వస్తుంది.

ఈ ఆర్టికల్‌లో రెండు మూడు తిట్లు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నా. తిట్ల గురించి మాట్లాడుతూ అన్నిటికీ చుక్కలు పెడితే మీకూ అర్థం కాదు, నాకూ రాయబుద్ధి కాదు.

మనలో చాలామంది ఏదో ఒక డిస్కార్డ్ సర్వర్‌కో, టెలిగ్రామ్ గ్రూపుకో, కాలేజ్ బ్యాచ్ వాట్సాప్‌కో అడ్మిన్లే. అక్కడ ఎప్పుడో ఒకసారి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. కొన్ని పదాల్ని పూర్తిగా బ్యాన్ చేసేద్దామా? చేద్దాం అనేవాళ్లు, "ఇదేమైనా స్కూలా?" అనేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. నేను మొదటి జట్టే, కానీ వాళ్లు అడిగే పద్ధతిలో కాదు. ఎందుకో చెప్తా.

ఇది ఇవాళ్టి సమస్య కాదు

1996లో ఇంగ్లండ్‌లో స్కంథార్ప్ అనే ఊరివాళ్లు ఏఓఎల్‌లో అకౌంట్ తెరవలేకపోయారు. కారణం ఊరి పేరే. దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్ మధ్యలో ఒక పెద్ద బూతు ఉంది. ఫిల్టర్ దాన్ని పట్టుకుంది. అప్పటినుంచి ఇలాంటి తప్పుడు పట్టివేతలకి 'స్కంథార్ప్ ప్రాబ్లమ్' అనే పేరు స్థిరపడిపోయింది.

ముప్పై ఏళ్లవుతున్నా ఇది తగ్గలేదు. 2008లో ఒక అమెరికన్ వార్తా సైట్ 'గే' అనే పదం ఎక్కడ కనిపించినా 'హోమోసెక్సువల్' అని మార్చేలా సెట్ చేసుకుంది. ఆ ఏడాదే టైసన్ గే అనే స్ప్రింటర్ ఒలింపిక్ ట్రయల్స్‌లో దుమ్ము రేపాడు. వార్తలో ఆయన 'టైసన్ హోమోసెక్సువల్' అయిపోయాడు. 2020లో వెన్నెముక జీవుల శిలాజాలపై పరిశోధన చేసే సైంటిస్టుల ఆన్‌లైన్ సదస్సులో ఫిల్టర్ 'బోన్' అనే పదాన్ని ఆపేసింది. ఎముకల మీద సదస్సు పెట్టి ఎముక అనొద్దంటే ఎలా?

మనదగ్గర ఇంతకంటే మజా ఉంది. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో లాంజా అనే పట్టణం ఉంది. దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే ఏ తెలుగువాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. ఆదివాసీ పోరాట వీరుడు బిర్సా ముండా పేరు రోమన్ అక్షరాల్లో రాస్తే, పైన చెప్పిన తిట్టు స్పెల్లింగూ అదీ ఒకటే. నవంబర్ 15న ఆయన జయంతి పోస్టర్ షేర్ చేసిన కుర్రాడికి బాట్ వార్నింగ్ ఇస్తే ఎంత అవమానంగా ఉంటుందో ఆలోచించండి. పంజాబీలో అదే పదానికి అర్థం 'అబ్బాయి', సగం పంజాబీ పాటల్లో ఉంటుంది. ఇక దోమల వల్ల వచ్చే ఆ జ్వరం పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారో మీకు తెలుసు. దాని మొదటి నాలుగక్షరాల్ని బ్లాక్ చేసిన తెలుగు గ్రూపులో వానాకాలం హెల్త్ అలర్ట్ ఒక్కటి కూడా నిలబడదు.

తెలుగుతో అసలు తలనొప్పి

"పదం మొత్తం మ్యాచ్ అయితేనే ఆపు అని చెప్తే సరిపోతుందిగా?" అని మీరు అనొచ్చు. కోడింగ్ తెలిసినవాళ్లకి వర్డ్ బౌండరీ గుర్తొస్తుంది. ఇంగ్లిష్‌లో అది చాలావరకు సరిపోతుంది. తెలుగుకి రాగానే తిరగబడుతుంది.

పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ మన గుణింతపు గుర్తుల్ని పదంలో భాగంగా లెక్కపెట్టదు. దాని దృష్టిలో హల్లు అక్షరమే, దీర్ఘం మాత్రం అక్షరం కాదు. దీనివల్ల ఏమవుతుందంటే, 'వెధవా' అనే పదానికి రెండు వైపులా వర్డ్ బౌండరీ పెట్టి వెతికితే, ఎవడైనా నేరుగా 'వెధవా' అని తిట్టినా దొరకదు. చివర్లో ఉన్న దీర్ఘం దగ్గర పదం ముగిసిందని దానికి అర్థం కాదు. జావాస్క్రిప్ట్‌లో ఇంకా ఘోరం, అక్కడ వర్డ్ బౌండరీకి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ తెలియదు. వేరే లైబ్రరీలతో దీన్ని సరిచేసుకోవచ్చు. కానీ ఇంగ్లిష్ ట్యుటోరియల్ చూసి బాట్ రాసుకున్న అడ్మిన్‌కి ఈ సంగతి ఎవరు చెప్తారు?

సరే, అది సరిచేశాం. తర్వాత విభక్తులు. వెధవ, వెధవలు, వెధవల్ని, వెధవగాడు, వెధవన్నర. మన భాషలో పదానికి తోకలు కలుస్తూనే ఉంటాయి. పదం మొత్తం మ్యాచ్ కావాలంటే తోకలున్నవన్నీ తప్పించుకుంటాయి. ముక్క మ్యాచ్ అయితే చాలంటే 'అవకాశముండదు' దొరికిపోతుంది. ఏ వైపు వెళ్లినా గొయ్యే.

ఆపైన కనిపించని అక్షరాలు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరంతో ఐఫోన్లు క్రాష్ అయిన గొడవ గుర్తుందా? ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఆ క్రాష్ చేసే వరుసలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని క్యారెక్టర్ ఒకటి ఉంది. తెలుగులో అది రోజూ కావాల్సిందే, 'సాఫ్ట్‌వేర్' అని విడిగా, నీట్‌గా కనిపించడానికి ట పక్కన అదే ఉంటుంది. దాన్నే ఒక తిట్టు మధ్యలో పెడితే మనిషి కంటికి తిట్టు తిట్టులాగే ఉంటుంది, ఫిల్టర్‌కి మాత్రం వేరే పదం. పోల్చేటప్పుడు మాత్రం దాన్ని తీసేసి చూడాలి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు ఉంచాలి. తేలికైన పనే, కానీ తెలుగు సంగతి తెలిసినవాడికి.

అసలు తెలుగువాళ్లు తెలుగు లిపిలో తిడతారా? తొంభై శాతం అని నేను లెక్క చెప్పలేను గానీ, మీ ఫోన్ తెరిచి చూసుకోండి. రోమన్‌లోనే. అక్కడ ఒక్క 'వెధవ'నే లెక్కేద్దాం. మొదటి అక్షరం మూడు రకాలుగా రాస్తారు ('ఎదవ' అనేవాళ్లు వై వాడతారు). ద ఒత్తుతో, ఒత్తు లేకుండా రెండు రకాలు. ఆ తర్వాతి ఏ ఉంచినా, ఎగ్గొట్టినా రెండు. రెండో 'వ'కి వి, డబ్ల్యూ రెండు. చివర ఒక ఏ, రెండు ఏలు. మూడు రెళ్లు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది. అక్షరాల బదులు అంకెలు, యాట్ గుర్తులు పెట్టడం మొదలుపెట్టకముందే 48 స్పెల్లింగులు. ఒకే ఒక్క మెత్తని తిట్టుకి.

మెత్తని తిట్టేనా?

వెధవ అంటే ఇవాళ పనికిరానివాడు, తుంటరి. ఇంట్లో నాన్న కూడా ముద్దుగా అంటాడు. కానీ ఆ పదం వచ్చింది సంస్కృతం 'విధవ' నుంచి. భర్త పోయిన స్త్రీ. 'ముండ' కూడా అంతే. ముండనం అంటే గుండు. భర్త చనిపోతే ఆడవాళ్లకి జుట్టు తీసేసే రోజుల్లోంచి వచ్చిన మాట. అంటే మన భాషలో బాగా వాడుకలో ఉన్న రెండు తిట్లకి మూలం ఎవరో మొగుడు పోయిన మనిషి కష్టం. ఒకటి మగవాళ్ల మీదకి వెళ్లి మెత్తబడింది. రెండోది ఆడవాళ్ల మీదే ఉండి గరుకుగా మిగిలింది.

అయినా గోదావరి జిల్లాల్లో ఒక అమ్మమ్మ మనవరాల్ని "పిచ్చి ముండ, తిండి కూడా తినలేదు" అంటే అందులో ప్రేమే ఉంటుంది. అదే రెండక్షరాలు తెలియని మగాడు ఒక అమ్మాయి ఫొటో కింద రాస్తే అది దాడి. ఫిల్టర్‌కి ఈ రెండూ ఒకటే. యాసల సంగతి కూడా ఇంతే. హైదరాబాద్‌లో దోస్తుల మధ్య 'ఏం బే' అనేది పలకరింపు, కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడికి చెంపదెబ్బలా తగులుతుంది. ఇది మన ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, విద్వేష వ్యాఖ్యల్ని పట్టే ఏఐ మోడళ్లు నల్లజాతివాళ్ల యాసలో రాసిన ట్వీట్లని రెండింతల వరకు ఎక్కువగా 'అభ్యంతరకరం' అని ముద్ర వేస్తున్నాయని తేలింది. యాస మనది కాకపోతే మాట బూతులా వినిపిస్తుంది. మనుషులకి ఉన్న ఈ జబ్బే ట్రైనింగ్ డేటా ద్వారా మోడల్‌కి అంటుకుంది.

అన్నిటికంటే కష్టమైంది కులం పేర్లు. తెలుగు ఇంటర్నెట్‌లో కులం పేరు పెట్టి తిట్టడం ఎంత మామూలో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలని నలుగురూ చూసేచోట కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కాబట్టి ఆ పేర్లన్నీ బ్లాక్ లిస్టులో వేసేద్దాం అని ఒక అడ్మిన్‌కి అనిపించడం సహజమే.

కానీ 1994లో మొదలైన దండోరా ఉద్యమం చేసిన పనేంటి? తరతరాలుగా తిట్టుగా వాడిన కులం పేరునే తమ పేరు చివర గర్వంగా పెట్టుకోవడం. మంద కృష్ణ మాదిగకి 2025లో పద్మశ్రీ వచ్చింది. మీ ఫిల్టర్ ఆ పేరుని చుక్కలుగా మార్చేస్తే, తిట్టేవాడు ఒక అక్షరం మార్చి తిట్టుకుంటూనే ఉంటాడు. ఆయన పేరుతో శుభాకాంక్షలు పెట్టినవాడు మాత్రం ఆగిపోతాడు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినరోజు అలాంటి లిస్టు పెట్టుకున్న గ్రూపులో ఆ వార్త చర్చించడానికే కుదరదు. ఎవరి గొంతు కాపాడాలని ఫిల్టర్ పెట్టామో వాళ్ల నోరే మూసేస్తున్నాం అన్నమాట. నాకు ఇది చిన్న సైడ్ ఎఫెక్ట్‌లా అనిపించదు. కులం పేర్లకి ఆటోమేటిక్ బ్యాన్ వద్దే వద్దు. అక్కడ మనిషే చూడాలి, చూసి తిట్టినవాణ్ని బయటికి పంపాలి.

బ్యాన్ చేస్తే తగ్గుతుందా?

రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటగా కనిపిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ 2012లో, ఆకలితో మాడి సన్నబడటాన్ని గొప్పగా చూపించే హ్యాష్‌ట్యాగ్‌ల మీద ఆంక్షలు పెట్టింది. జార్జియా టెక్ పరిశోధకులు 2016లో దాని ఫలితాన్ని బయటపెట్టారు. జనం స్పెల్లింగ్ మార్చేశారు. ఒక అక్షరం ఎక్కువ, ఒకటి తక్కువ. ఆ మారిన ట్యాగుల కింద లైకులు, కామెంట్లు ఇంకా పెరిగాయి, కంటెంట్ ఇంకా ప్రమాదకరంగా తయారైంది. పదం ఆగింది, పని ఆగలేదు.

రెండోది రెడిట్. 2015లో లావుగా ఉన్నవాళ్లని, నల్లజాతివాళ్లని ఎగతాళి చేయడానికే ఉన్న రెండు పెద్ద సబ్‌రెడిట్లని కంపెనీ మూసేసింది. పదాల్ని కాదు, అడ్డాల్నే. 2017లో వచ్చిన విశ్లేషణ ప్రకారం చాలామంది సైట్ వదిలి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లు కూడా ఆ విద్వేషపు మాటలు వాడటం కనీసం 80 శాతం తగ్గించేశారు.

నాకు అర్థమైంది ఏంటంటే, మనిషి నోరు అదుపులో ఉండేది లిస్టు వల్ల కాదు, ఇక్కడ ఇది చెల్లదు అని చెప్పే జనం వల్ల. ఒకచోట తిట్టి చప్పట్లు కొట్టించుకునేవాడు ఇంకోచోట చప్పట్లు లేకపోతే నోరు మూసుకుంటాడు.

పైనుంచి వచ్చే బ్యాన్‌తో ఇంకో నష్టం కూడా ఉంది. రీచ్ పోతుందని, డబ్బులు ఆగిపోతాయని భయపడి యూట్యూబర్లు 'ఆత్మహత్య' అనే మాట మీద బీప్ వేస్తున్నారు, థంబ్‌నెయిల్‌లో మధ్య అక్షరం మీద చుక్క పెడుతున్నారు. ఇంగ్లిష్‌లో అయితే 'అన్అలైవ్' అని ఏకంగా కొత్త పదమే పుట్టింది. సాయం కోసం ఆ మాట వెతికే మనిషికి సరైన వీడియో దొరకాలంటే మాట మాటలాగే ఉండాలి కదా. (ఎవరికైనా అవసరమైతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. ఇది చుక్కలు లేకుండా రాయాల్సిన విషయం.)

అయినా నేను బ్యాన్ వైపే, ఎందుకంటే

మా పిన్ని కూతురు డిగ్రీ సెకండియర్. సాయంత్రాలు ఒక బ్యాటిల్ రాయల్ గేమ్ లైవ్ స్ట్రీమ్ చేస్తుంది, తెలుగులోనే. బాగా ఆడుతుంది, స్నైపర్ పట్టుకుంటే నాకంటే చాలా మేలు. రెండొందల మంది చూస్తున్నారంటే అందులో పదిమంది ఆట చూడటానికి రారు. వాళ్లు చాట్‌లో రాసేవి ఇక్కడ రాయను, ఇంతవరకు రాసిన తిట్లు వాటి ముందు ఆశీర్వచనాలు. "అన్నా, ఆడటం కంటే డిలీట్ చేయడానికే టైమ్ సరిపోతోంది" అంది. ఆ ప్లాట్‌ఫామ్ సొంత ఫిల్టర్ ఇంగ్లిష్ బూతుల్ని పట్టుకునేది, రోమన్ తెలుగుని హాయిగా వదిలేసేది.

పదాల బ్యాన్ భావప్రకటనా స్వేచ్ఛకి దెబ్బ అనేవాళ్లని ఈ పిల్ల పక్కన అరగంట కూర్చోమంటాను. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని కొట్టేసింది. 'తీవ్ర అభ్యంతరకరం' లాంటి అస్పష్టమైన మాటలతో జనాన్ని అరెస్టు చేయడం కుదరదని చెప్పింది. చాలా మంచి తీర్పు. కానీ అది ప్రభుత్వానికి, పౌరుడికి మధ్య సంగతి. ఒక అమ్మాయి తన స్ట్రీమ్‌లో ఏ మాటలు కనపడాలో తను నిర్ణయించుకోవడం జైలు కాదు. మా ఇంటికొచ్చి మా అమ్మని తిడితే బయటికి పొమ్మంటా, అందుకు రాజ్యాంగం తెరవక్కర్లేదు.

ఒక వీకెండ్ కూర్చుని తనతో కలిసి లిస్టు చేశాం. ఏ మాటలు ఉండాలో తనే చెప్పింది, స్పెల్లింగ్ వేరియంట్లు పుట్టించే పని నా స్క్రిప్ట్‌ది. ఎదవ, దరిద్రం లాంటివి తను వద్దంది. "అవి నేనే వాడతాను కదా, ఓడిపోతే" అంది. శరీర భాగాల పేర్లు, అమ్మ అక్కలని కలిపి తిట్టేవి, రేప్ బెదిరింపులకి వాడే క్రియాపదాలు, ఇంతే. మూలాలు ముప్పై లోపే, వేరియంట్లు మాత్రం వెయ్యి దాటాయి. 'ముండ' ఒంటరిగా ఉంటేనే ఆపేలా పెట్టాం, 'అవకాశముండదు' వెళ్లిపోతుంది.

తిట్లు ఆగిపోయాయా అంటే లేదు. కొత్త స్పెల్లింగులు వస్తూనే ఉన్నాయి, వారానికోసారి నాలుగైదు కలుపుతున్నాం. కానీ తేడా ఉంది. ఇంతకుముందు ఒక బూతు పడగానే ఇంకో ఐదుగురు దాన్ని కాపీ పేస్ట్ చేసేవాళ్లు. ఇప్పుడు మొదటిది స్క్రీన్ మీదకి రాకపోవడంతో ఆ గుంపు పోగవడం తగ్గింది. స్పెల్లింగ్ మార్చి తిట్టాలంటే కొంచెం కష్టపడాలి. అంత కష్టపడి తిట్టేవాణ్ని నేరుగా బ్లాక్ చేయడానికి మోడరేటర్ ఉన్నాడు, అంటే నేను, జీతం లేకుండా.

అందుకే ఎవరి లిస్టు అనేదే నాకు ముఖ్యం. ఎక్కడో కూర్చున్న కంపెనీ మనందరికీ కలిపి ఒకటే తెలుగు లిస్టు రాస్తే, అందులో కులం పేర్లు, యాసలు, జ్వరాలు అన్నీ కొట్టుకుపోతాయి. దెబ్బ తినేవాళ్లు రాసుకున్న లిస్టు చిన్నగా, పదునుగా ఉంటుంది. అది గ్రూప్ రూల్స్‌లో ఏ రకం మాటలకో కనీసం రాసి ఉండాలి. మెసేజ్ ఆగితే ఆగిందని పంపినవాడికి తెలియాలి. చెప్పకుండా మాయం చేసే ఫిల్టర్లంటే నాకు చిరాకు, తప్పు పట్టినా సరిదిద్దేవాడే ఉండడు.

మీరే సెట్ చేసుకోవాలంటే టూల్స్ మన చేతుల్లోనే ఉన్నాయి. డిస్కార్డ్‌లో 2022 నుంచి ఆటోమోడ్ ఉంది. పదానికి ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెడితే ముక్కగా కూడా మ్యాచ్ చేస్తుంది, పెట్టకపోతే పదం మొత్తం చూస్తుంది. దాంతోపాటు వదిలేయాల్సిన పదాల లిస్టు కూడా ఇవ్వొచ్చు, తెలుగువాళ్లు తప్పకుండా వాడాల్సింది అదే. యూట్యూబ్ స్టూడియోలో బ్లాక్డ్ వర్డ్స్ పెడితే లైవ్ చాట్‌లో ఆ మెసేజ్‌లు ఆగిపోతాయి, వీడియో కామెంట్లయితే రివ్యూకి పక్కన ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో హిడెన్ వర్డ్స్ అనే చోట మీ సొంత పదాలు, ఎమోజీలు కూడా ఇవ్వొచ్చు, అక్కడ రోమన్ తెలుగు వేరియంట్లు వేసుకోవడం మర్చిపోకండి. వాట్సాప్‌లో మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మధ్యలో సర్వర్ మాటలు చదివి ఆపడం అనేది లేదు. అడ్మిన్ చూసి అందరికీ డిలీట్ చేయాల్సిందే.

ఇక జీబోర్డ్‌లో 'బ్లాక్ అఫెన్సివ్ వర్డ్స్' అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి తిట్లు ఆగుతాయనుకోకండి. అది సజెషన్లు చూపించడం మాత్రమే మానేస్తుంది, మీరు టైప్ చేసేదాన్ని ముట్టుకోదు. ఐఫోన్‌లో కూడా 2023లో ఐఓఎస్ 17తో ఆపిల్ తన ఆటోకరెక్ట్ బూతుని 'డక్' అని మార్చే అలవాటుని మాన్పించింది, క్రెయిగ్ ఫెడరిగీ దాని మీద జోక్ కూడా వేశాడు. మా చెల్లి దగ్గరున్న వేరియంట్ స్క్రిప్ట్ చిన్నదే, వంద లైన్లు కూడా ఉండదు. గుణింతాలు, కనిపించని క్యారెక్టర్లు, 48 స్పెల్లింగుల గొడవ అన్నీ అది చూసుకుంటుంది. కాస్త శుభ్రం చేసి వచ్చే వారం ఇక్కడే పెడతా. పదాల లిస్టు మాత్రం పెట్టను, అది మీ గ్రూప్‌లో దెబ్బలు తింటున్నవాళ్లని అడిగి మీరే రాసుకోండి.